నూట అయిదు వక్కల పెళ్లి

మొదటి రోజు, గురువారం (2024 డిసెంబరు 12): సైగాన్

సూట్‌కేసులో అన్నిటికంటే అడుగున మధుపర్కాల జత ఉందని సైగాన్ హోటల్ గదిలో పెట్టె తెరిచాకే నాకు తెలిసింది. తెల్లటి నూలు పంచె, చీర, ఎర్రంచు. మూలలకు పసుపు కూడా రాసి ఉంది.

"పెళ్లికి పిలిచారు, చేతులూపుకుంటూ వెళ్తామా? బండారులంకలో నేయించాను" అంది అమ్మ.

మంచం మీద కూలబడ్డాను. వియత్నాంలో తెలుపు చావుకు సంబంధించిన రంగు. ఇంట్లో ఎవరైనా పోతే కొడుకులూ కోడళ్లూ మనవలూ తలకు తెల్లగుడ్డ కట్టుకుంటారు. పెళ్లికి వెళ్లేవాళ్లు తెల్లబట్టలు వేసుకోకూడదని నేను చదువుకుని వచ్చాను, నా చీరలన్నీ ఆ లెక్కనే సర్దుకున్నాను. అమ్మ పెట్టె మాత్రం చూడలేదు.

పెళ్లికూతురు నా పాత రూమ్మేట్. సింగపూర్‌లో ఇద్దరం మూడేళ్లు ఒకే ఫ్లాట్‌లో ఉన్నాం. తనది మెకాంగ్ డెల్టాలోని బెన్‌ట్రె. వాళ్లు "బెన్ చే" అని పలుకుతారు. పరిచయమైన మొదటి వారంలో "మా ఊరినిండా కొబ్బరిచెట్లే" అని గొప్పగా చెప్పింది. మాది కోనసీమ. "మాకూ అంతే" అన్నాను. నమ్మలేదు. ఇద్దరం ఫోన్లు తీసి చెట్ల ఫొటోలు చూపించుకున్నాం. స్నేహం అక్కడ మొదలైంది. పెళ్లి కుదిరాక ఫోన్ చేసి "నువ్వు రాకపోయినా ఫర్వాలేదు, మీ అమ్మని మాత్రం పంపు" అంది. అమ్మ సింగపూర్ వచ్చినప్పుడు నెలరోజులు తనకి పులిహోర పెట్టిన అభిమానం అది.

మా ఆయనకి సెలవు దొరకలేదు, బాబుకి పరీక్షలు. కాబట్టి నేనూ అమ్మా. ఈ-వీసా మనిషికి 25 డాలర్లు, ఇంట్లో కూర్చునే తీసుకోవచ్చు. కౌలాలంపూర్‌లో విమానం మారి వచ్చాం. గడియారం మనకంటే గంటన్నర ముందుంటుంది.

డబ్బు మార్చుకోగానే అమ్మ లక్షాధికారి అయిపోయింది. రూపాయికి దాదాపు 300 డాంగ్‌లు. కొబ్బరిబొండం పదిహేను వేలు అనగానే ఆవిడ ముఖం చూడాలి. యాభై రూపాయలేనమ్మా అని చెప్పినా, వాళ్లకి పదిహేను వేలు ఇచ్చి రావడం ఆవిడకి ఇష్టం లేదు.

సాయంత్రం ఊరి నడిబొడ్డున ఉన్న మారియమ్మన్ గుడికి తీసుకెళ్లాను. ఫ్రెంచివాళ్ల కాలంలో వచ్చి స్థిరపడ్డ తమిళ వర్తకులు కట్టించిన గుడి. ఇప్పుడు దండం పెట్టుకునేవాళ్లలో ఎక్కువమంది వియత్నామీయులే. కొందరు గోడకు నుదురు ఆనించి మెల్లగా ఏదో చెప్పుకుంటున్నారు. అమ్మ కూడా వెళ్లి నుదురు ఆనించింది. ఏం కోరుకున్నావని అడగలేదు.

రాత్రి స్నేహితురాలికి ఫోన్ చేసి మధుపర్కాల సంగతి చెప్పాను. చాలాసేపు నవ్వింది. "తప్పకుండా తీసుకురా. కానీ పెళ్లి అయ్యేదాకా పెట్టె మూత తీయకు, మా అమ్మమ్మ చూస్తే గుండె ఆగిపోతుంది" అంది. కాసేపాగి, "అన్నట్టు రిసెప్షన్‌లో నేను వేసుకునేది తెల్ల గౌనే" అంది. పాశ్చాత్యుల పెళ్లి గౌను ఏనాడో వాళ్లకి అలవాటైపోయింది. దానికి అడ్డురాని తెలుపు మా పంచెకు ఎందుకు అడ్డమో ఆమె చెప్పలేకపోయింది.

రెండో రోజు, శుక్రవారం: లంకల దారి

సైగాన్ నుంచి బెన్‌ట్రె 85 కిలోమీటర్ల చిల్లర. నగరం దాటగానే ఎక్కే ఎక్స్‌ప్రెస్ రోడ్డు 2010లో వచ్చింది, ఆ దేశంలో అదే మొదటిది. దానికి ఏడాది ముందు, 2009 జనవరిలో, తియెన్ నది మీద రాచ్ మియెవ్ వంతెన తెరిచారు. అంతకుముందు బెన్‌ట్రె వెళ్లాలంటే వాహనాలన్నీ ఫెర్రీ ఎక్కాల్సిందే. వంతెన మీద కారు వెళ్తుంటే అమ్మ అద్దం దించి, "ఎదుర్లంక వంతెన రాకముందు మనమూ పంటు మీదే కదే యానాం పోయేది" అంది.

మెకాంగ్ ఇక్కడికి వచ్చేసరికి పాయలుగా చీలిపోతుంది. డెల్టా మొత్తాన్ని వాళ్లు తొమ్మిది డ్రాగన్లు అంటారు. మనకి సప్తగోదావరులు ఉన్నట్టే. బెన్‌ట్రె అంటే నాలుగు పాయల మధ్య మూడు పెద్ద లంకలు. ఇంగ్లీషులో వీటికి ఐలాండ్ అని రాస్తారు గానీ, లంక అన్న మాట ఉన్న భాష మనది, వేరే ఏదీ అక్కర్లేదు. నేను వెళ్లినప్పుడు అదొక రాష్ట్రంలాంటిది, ప్రావిన్స్. 2025 జులైలో విన్‌లోంగ్‌లో కలిపేశారు. మా స్నేహితురాలు మాత్రం ఇప్పటికీ ఊరు అడిగితే బెన్ చే అనే చెబుతుంది.

వాళ్లిల్లు జోంగ్‌ట్రోమ్ అనే చోట. రోడ్డు నుంచి సందులోకి తిరగ్గానే ఎదురుగా ద్వారం. పెళ్లిపందిరి ముఖద్వారమన్నమాట, మొత్తం కొబ్బరాకులతో. వెదురు కర్రల చట్రానికి లేత కొబ్బరాకుల్ని జడల్లా అల్లి, మెలితిప్పి, ఒక పక్క డ్రాగన్, ఒక పక్క ఫీనిక్స్ పక్షి చేశారు. పొట్టుతీయని కొబ్బరికాయలు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. పైన ఎర్రటి జంట అక్షరం. చైనా లిపిలో ఆనందం అనే అక్షరాన్ని పక్కపక్కనే రెండుసార్లు రాస్తే పెళ్లి గుర్తు. నగరంలో ఇప్పుడు ప్లాస్టిక్ పూలతో కట్టిస్తున్నారట. ఇక్కడ ఇరుగుపొరుగు కుర్రాళ్లు ముందురోజు వచ్చి ఉచితంగా కడతారు. కూలీ అడగరు, బీర్లు మాత్రం పెట్టాలి.

అమ్మ చెప్పులు విప్పి నేరుగా వాళ్ల మధ్యకి వెళ్లి కూర్చుంది. ఒక ఆకు తీసుకుని ఈనె చీల్చి, రెండు నిమిషాల్లో చిలకని అల్లింది. చిన్నప్పుడు మా అందరికీ చేసి ఇచ్చేది అదే. కుర్రాళ్లు ఒక్క క్షణం చూసి, అల్లిక ఆపి చుట్టూ చేరారు. సాయంత్రానికి ఆ ద్వారానికి పదకొండు చిలకలు వేలాడుతున్నాయి. ఒకాయన వచ్చి లెక్కపెట్టి ఏదో అన్నాడు. పెళ్లికూతురి చెల్లెలు నవ్వుతూ, "ఇంకొకటి చేయమంటున్నారు, జంటలు కావాలట" అంది. పన్నెండోది కూడా ఎక్కింది.

ఈ చెల్లెలే మాకు అక్కడున్న మూడు రోజులూ దుబాసీ. ఆమె చెప్పిన మొదటి పాఠం పిలుపుల గురించి. వియత్నామీలో నువ్వు, నేను అనే మాటలతో మాట్లాడితే పొడిగా ఉంటుంది. ఎదుటివాళ్లు అక్కా, చెల్లా, పిన్నా, పెద్దమ్మా అని తేల్చుకుని ఆ వరసతోనే మాట్లాడాలి. తనని తాను చెప్పుకునేటప్పుడు కూడా "చెల్లి అన్నం తింది" అన్నట్టే. అందుకే పరిచయం కాగానే వయసు అడుగుతారు, అది మర్యాదలో భాగం. నేను ఆమెకు "చి", అంటే అక్క. ఆమె నాకు "ఎమ్". అమ్మకి ఇందులో వింతేమీ కనిపించలేదు. "మరి వరస తెలీకుండా ఎలా మాట్లాడతారు?" అంది.

అమ్మమ్మని వాళ్లు న్గ్వాయ్ అంటారు. ఆ మాటకు బయట అని అర్థం. నాన్న వైపు వాళ్లు లోపలివాళ్లు, అమ్మ వైపు వాళ్లు బయటివాళ్లు. అలాంటి పేరు పెట్టి, అందరికంటే ఎక్కువ చేరిక ఆవిడ దగ్గరే. ఎనభై దాటిన మనిషి, పొట్టిగా, బిగించి ముడేసిన తెల్లజుట్టుతో. నోరు ఎర్రగా ఉంది. అమ్మ అది చూసి నన్ను మోచేత్తో పొడిచింది.

ఆ రాత్రి చుట్టాలందరూ చేరే విందు. పెళ్లికి ముందురోజు అమ్మాయి ఇంట్లో బంధువర్గం కలుసుకునే ఆచారం, ఞోమ్ హో అంటారు. ముందు పెద్దల పీఠం ముందు అగరొత్తులు వెలిగించి, రేపు ఈ పిల్ల ఇల్లు దాటుతోందని పోయినవాళ్లకి చెప్పుకున్నారు. పీఠం మీద తాతగారి ఫొటో, పళ్లు, దీపాలు. తర్వాత రేకుల టెంటు కింద బల్లకి పదిమంది చొప్పున కూర్చోబెట్టారు. నిలువునా వేయించి నిలబెట్టిన ఏనుగుచెవి చేప వచ్చింది, బల్లమీద పొలుసులతో సహా. దాన్ని పుల్లలతో గిల్లి, ఆకుకూరలతో కలిపి, బియ్యపు అప్పడంలాంటి పల్చటి రేకులో చుట్టుకుని తినాలి. అమ్మ మూడు చుట్టలు తింది. చేపల విషయంలో కోనసీమ మనిషిని ఎవరూ మొహమాటపెట్టలేరు.

ఆ తర్వాత కరావోకే. ఇక్కడ నా ఫిర్యాదు ఒకటి రాసుకోవాలి. మనిషి ఎత్తున్న రెండు స్పీకర్లు, పాడటం రానివాళ్లే ఎక్కువ ఉత్సాహంగా పాడటం, రాత్రి పదకొండు దాటినా ఆగకపోవడం. మన ఊళ్లో మైకుసెట్టు గురించి విసుక్కునే హక్కు నాకు ఇకమీదట లేదు.

మూడో రోజు, శనివారం: పెళ్లి

నాలుగింటికి లేపేశారు. పెళ్లికూతురికి ముస్తాబు జరుగుతోంది. ఎర్రటి ఆవో యాయ్ (వాళ్ల సంప్రదాయ పొడుగు అంగీ), బంగారు దారపు పని, తల చుట్టూ సూర్యబింబంలా గుండ్రటి పట్టు చుట్ట. నేను ఎర్రంచు పచ్చ పట్టుచీర కట్టుకున్నాను. అమ్మ ముదురు నేరేడు రంగు నేత చీర. మగపెళ్లివారు ఏడింటికి ముహూర్తం పెట్టించుకున్నారు. వాళ్లకీ చాంద్రమాన క్యాలెండరు చూసి మంచిరోజు పెట్టే పద్ధతి ఉంది. ఏడో నెలని ప్రేతాల నెల అంటారు, ఆ నెలలో పెళ్లిళ్లు పెట్టుకోరు. "ఆషాఢం లాగా" అంది అమ్మ.

సారె పళ్లేలు మోసుకొచ్చే మగపెళ్లివారి కుర్రాళ్ల ఎదురుగా, అవి అందుకోవడానికి ఈవైపు నుంచి అంతమంది అమ్మాయిలు వరసగా నిలబడాలి. నన్ను కూడా ఆ వరసలో నిలబెట్టారు, విదేశీ ఫొటో కోసమనుకుంటా. అంతలో ఒక పిన్నిగారు వచ్చి నన్నేదో అడిగింది. చెల్లెలు అనువదించింది: "మీకు పెళ్లయిందా?" అయింది, బాబు కూడా ఉన్నాడు అన్నాను. పిన్నిగారు నవ్వుతూనే భుజాలు పట్టుకుని నన్ను వరసలోంచి బయటికి తీసేసింది. అక్కడ పెళ్లికానివాళ్లే నిలబడాలి. నా జాగాలో ఇంటర్ చదివే వయసు పిల్ల ఒకతి పరిగెత్తుకొచ్చి నిలబడింది. పళ్లేలు చేతులు మారాక ఇటువాళ్లూ అటువాళ్లూ ఒకరికొకరు చిన్న ఎర్ర కవర్లు ఇచ్చుకున్నారు. అవతలి జంట భాగ్యాన్ని మోసినందుకు తమ భాగ్యం తరగకుండా.

అయితే మగపెళ్లివారు నేరుగా లోపలికి రాలేదు. ద్వారం బయట ఆగి, వాళ్ల పెద్దాయన ఒకరు చిన్న పళ్లెంలో సారాయి కూజా, రెండు బుల్లి కప్పులు, తమలపాకులు పెట్టుకుని ముందుగా ఒక్కడే వచ్చాడు. ఈవైపు పెద్దాయన ఎదురెళ్లాడు. ఇద్దరూ తాగారు, లోపలికి రావచ్చా అని అడగడం, రండి అనడం. అందరికీ తెలిసిన జవాబే అయినా చాలా గంభీరంగా జరిగింది.

ఆరు పళ్లేలు. దక్షిణాన సరిసంఖ్య, ఆరో ఎనిమిదో. ఉత్తరాన హనోయ్ వైపు బేసి, అయిదో ఏడో తొమ్మిదో. గుండ్రటి ఎర్ర పెట్టెలకి ఎర్ర గుడ్డలు. పెద్దల పీఠం ముందు పెట్టి ఒక్కొక్కటీ తీస్తుంటే అమ్మ నా చెవిలో పట్టీ చదివింది: "పళ్లు. టీపొడి, సారా, కొవ్వొత్తులు. అవేంటి, పెసర పూర్ణమా?" పెసర పూర్ణమే. కొబ్బరీ పెసరపప్పూ లోపల, చుట్టూ జిగురు పిండి. భార్యాభర్తల పిండివంట అని దాని పేరు. ఒక పెట్టెలో జిగురుబియ్యపు అన్నం. ఒక దాంట్లో ఎర్రగా నిగనిగలాడే కాల్చిన పంది, అమ్మ చూపు చప్పున పక్కకి తిప్పుకుంది. ఆరోది అసలుది. పచ్చటి వక్కల గెల, చుట్టూ తమలపాకులు.

వక్కలు నూట అయిదు. నేను లెక్కపెట్టలేదు, పిన్నిగారు లెక్కపెట్టడం చూశాను. వాళ్ల భాషలో "నమ్" అంటే అయిదు, ఏడాది అని కూడా. కాబట్టి నూట అయిదు వక్కలు అంటే నూరేళ్లు అని చెప్పుకుంటారు. ఒక్క మాట మీద నడిచే లెక్క. నూటపదహార్లు ఎందుకని మనల్ని అడిగితే ఎంత చెప్పగలమో నాకు అనుమానమే.

ఈ ఆకువక్కల వెనక పిల్లలందరికీ తెలిసిన కథ ఉంది. వియత్నాం తొలి రాజులని చెప్పుకునే హుంగ్ రాజుల కాలంలో అచ్చం ఒకేలా ఉండే అన్నదమ్ములిద్దరు. అన్నకి పెళ్లయింది. ఒకరోజు అన్న అనుకుని వదిన తమ్ముణ్ని పలకరించింది, ఇంట్లో ముభావం మొదలైంది. తమ్ముడు ఇల్లు వదిలి వెళ్లి ఏటి ఒడ్డున ఏడ్చి ఏడ్చి సున్నపురాయి అయ్యాడు. వెతుక్కుంటూ వెళ్లిన అన్న ఆ రాయి పక్కన వక్కచెట్టయ్యాడు. భర్తని వెతుక్కుంటూ వెళ్లిన భార్య ఆ చెట్టుని చుట్టుకున్న తమలపాకు తీగ అయింది. మూడూ కలిపి నమిలితే ఎరుపు. "పాన్‌కి ఇంత బాధ ఉందా" అనుకున్నాను, బయటికి అనలేదు.

తర్వాత దీపాలు. డ్రాగన్, ఫీనిక్స్ బొమ్మలున్న లావాటి రెండు కొవ్వొత్తుల్ని మగపెళ్లివారే తెస్తారు. అమ్మాయి వైపు పెద్దాయన రెండూ ఒకేసారి వెలిగించి పీఠానికి చెరో పక్కన నిలబెట్టాడు. దక్షిణాది పెళ్లికి ఇదే ఆయువుపట్టు, లెన్ డెన్ అంటారు. రెండు మంటలూ సమానంగా లేవాలి. ఏది ఎత్తుగా ఉంటే కాపురంలో వాళ్లదే పైచేయి అని వేళాకోళం. ఎడమదానిది కాస్త ఎగిరింది, గదిలో ఒక గుసగుస. ఫ్యాను ఆపించారు.

వధూవరులు పెద్దలకి మొక్కాక అత్తగారు వచ్చి కోడలికి చెవిపోగులు తన చేత్తో పెట్టింది, తర్వాత గొలుసు, గాజులు. అంతా మెరుగు తగ్గని మేలిమి బంగారం. వాళ్లు బంగారాన్ని "చీ" లెక్కన తూస్తారు. ఒక చీ అంటే మూడుముప్పావు గ్రాములు, పది చీలు ఒక లువాంగ్. అమ్మ కళ్లతోనే తులాల్లోకి మార్చేసి, "పర్వాలేదు, బాగానే పెట్టారు" అంది. భాష రాకపోయినా బంగారం దగ్గర ఆవిడకి దుబాసీ అక్కర్లేదు.

ఇక్కడిదాకా అమ్మ గుమ్మం పక్కన, వెనక వరసలో నిలబడి ఉంది. నేను దాన్ని పట్టించుకోలేదు, ఎందుకంటే నాన్న పోయిన ఈ ఆరేళ్లుగా ఆవిడ పెళ్లిళ్లలో ఎప్పుడూ అక్కడే నిలబడుతోంది. ఎవరూ చెప్పరు, ఆవిడే జరిగిపోతుంది. తలంబ్రాల దగ్గరికి రాదు, తాంబూలాలు పంచేటప్పుడు వంటింట్లో ఏదో పని కల్పించుకుంటుంది. నాకు మొదట్లో కోపం వచ్చేది, తర్వాత అలవాటైంది. ఆ అలవాటే తప్పని ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

న్గ్వాయ్ పీఠం పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. ఆవిడ భర్త ఫొటో ఆవిడ తల వెనకే ఉంది. మనవరాలికి మొదటి ఉంగరం పెట్టింది ఆవిడే. ఆ పని అయ్యాక, మెడ సాచి అందరి తలల మీదుగా చూసి, అమ్మని వేలితో రమ్మంది. అమ్మ తల అడ్డంగా ఊపింది. ఆవిడ మళ్లీ పిలిచింది, ఈసారి గట్టిగా, పసిపిల్లల్ని పిలిచినట్టు. అమ్మ వెళ్లింది. న్గ్వాయ్ పక్కనున్న స్టూలు మీద కూర్చోబెట్టుకుని, చిన్న పెట్టె తెరిచి, తమలపాకుకి సున్నం రాసి, పచ్చి వక్క చెక్క పెట్టి మడిచి ఇచ్చింది. సున్నం లేత గులాబీ రంగులో ఉంది. అమ్మ దాన్ని రెండు చేతులతో అందుకుని, కాసేపు అలాగే పట్టుకుంది. తర్వాత నోట్లో పెట్టుకుంది. నాకు తెలిసి ఆరేళ్లలో ఒక పెళ్లిలో ఎవరో పేరుపెట్టి పిలిచి ఆవిడకి తాంబూలం ఇవ్వడం అదే మొదటిసారి. పేరు కూడా కాదు, వేలు.

అక్కడ అన్నీ బాగున్నాయని రాస్తే అబద్ధమవుతుంది. తర్వాత చెల్లెలిని అడిగాను. పెళ్లి పడక వేసేటప్పుడు భర్తా పిల్లలూ చల్లగా ఉన్న ఆడవాళ్లనే పిలుస్తారట, ఈ అమ్మమ్మని పిలవరట. అంటే ఆ గీత వాళ్లకీ ఉంది, మరో చోట గీశారు.

పళ్లేల్లో కొంత భాగం తిరిగి మగపెళ్లివారికి ఇచ్చేయాలి. అప్పుడు వక్కల గెలని కత్తితో కోయకూడదు, చేత్తోనే తుంచాలి. కోత అంటే తెగిపోవడం కదా. ఖాళీ అయిన పెట్టెల మూతలు తిరగేసి పంపారు.

పెళ్లికొడుకు ఊరు నదికి అవతల. కార్లు రేవు దాకా, అక్కడి నుంచి మోటారు పడవలు, ఎందుకంటే వాళ్లింటికి కాలవ తప్ప వేరే దారి లేదు. పెళ్లికూతురి అమ్మ రాలేదు, రాకూడదట. కొబ్బరాకు ద్వారం కింద నిలబడి చెయ్యి ఊపింది. తర్వాత చిలకల్లో ఒకదాన్ని సరిచేస్తున్నట్టు అటు తిరిగిపోయింది. పడవలో ఎర్ర ఆవో యాయ్ మీద నీటి తుంపరలు పడకుండా పెళ్లికొడుకు గొడుగు పట్టాడు, సగం తను తడిశాడు. నీలం ఆవో యాయ్, నల్ల తలపాగా, దాని కింద చెమట. రెండు వైపులా నీటికొబ్బరి పొదలు. అమ్మ నోటినిండా ఎరుపుతో, గట్టు మీది చెట్లు చూస్తూ కూర్చుంది.

విందులో అసలు చిక్కు వచ్చింది. శనివారం, అమ్మ నీచు ముట్టదు. ముందే చెప్పి ఉంచాను. వడ్డించే కుర్రాడు వచ్చి "చై? చై?" అని అడిగాడు. "టీ ఇప్పుడెందుకు, భోజనం చేయనీ" అంది అమ్మ. చై అంటే శాకాహారం. బౌద్ధం వల్ల వాళ్లకి ఈ మాట బాగా అర్థమవుతుంది, ఎందుకు ఏమిటని ఎవరూ అడగరు. చేపసాసు బదులు సోయాసాసు వేసి చేసిన టోఫూ, పుట్టగొడుగులు, తామరకాడల సలాడు రొయ్యలు లేకుండా వచ్చాయి. మా బల్లమీద మిగిలిన ఎనిమిదిమందికీ కోడి, రొయ్య, హాట్‌పాట్. బీరులో ఐసుముక్కలు వేసుకుని, ప్రతి అయిదు నిమిషాలకీ "మోట్, హాయ్, బా, యో!" అని లేచి గ్లాసులు తాటించడం. ఒకటి, రెండు, మూడు అని లెక్క. అమ్మ కొబ్బరినీళ్ల గ్లాసుతో ప్రతిసారీ లేచింది.

చదివింపులు గుమ్మంలో పెట్టిన గుండె ఆకారపు పెట్టెలో వేయాలి, కవరు మీద పేరు రాసి. నేను అయిదు లక్షల నోట్లు రెండు పెట్టాను, మన లెక్కన మూడు వేల పైచిలుకు. అమ్మ ఒప్పుకోలేదు. "సున్నాతో ముగిస్తారా? ఒకటి కలుపు" అంది. వెయ్యి డాంగ్‌ల నోటు తీసి పెట్టబోతే చెల్లెలు ఆపింది: పెళ్లికి జంటలు మంచివి, మూడు నోట్లు వద్దు. చివరికి వెయ్యి నోట్లు రెండు కలిపారు. పది లక్షల రెండు వేలు. ఇద్దరి శాస్త్రమూ నిలబడింది.

నాలుగో రోజు, ఆదివారం: పౌర్ణమి

పౌర్ణమికీ నెల మొదటి రోజుకీ చాలామంది చై తింటారు. కాబట్టి ఈరోజు న్గ్వాయ్‌కి కూడా శాకాహారమే. పొద్దున అమ్మ, ఆవిడ కలిసి కొబ్బరి తురుము వేసిన జిగురన్నం తిన్నారు. ఇద్దరికీ ఒక్క మాట కామన్‌గా లేదు, అయినా గంటసేపు మాట్లాడుకున్నారు. ఆకులు నమలడం అయ్యాక న్గ్వాయ్ పొగాకు ఉండతో పళ్లు తుడుచుకుంది. అమ్మ దానికి మాత్రం దండం పెట్టేసింది.

తోటలో దింపు జరుగుతోంది. కాయలు ఎంతకి అమ్ముతారని అమ్మ అడిగించింది. "చుక్" లెక్కన, అంటే పది. కానీ కొబ్బరికాయల దగ్గర బెన్‌ట్రెలో పదంటే పన్నెండు. పదికి రెండు కొసరు, అది ధరలోనే కలిసి ఉంటుంది. మా వైపు వెయ్యి కాయల లెక్కన బేరం అని అమ్మ చెప్తే, కొసరు ఎంత అని వాళ్లు అడిగారు. అమ్మ ఆలోచించి, "దళారి మనకి వదిలితే అదే కొసరు" అంది. అనువదించాక అక్కడున్న మగవాళ్లందరూ పెద్దగా నవ్వారు. అక్కడా దళారులున్నారన్నమాట.

బయల్దేరే ముందు మధుపర్కాలు తీశాం. పెళ్లికూతురు అత్తారింట్లో ఉంది కాబట్టి న్గ్వాయ్ చేతికే ఇవ్వాలి. నా టెన్షన్ నాది. ఆవిడ మడత విప్పింది. తెలుపు చూసి చెయ్యి ఆగింది. చెల్లెలు గబగబా చెప్పింది: వాళ్ల దేశంలో ముహూర్తానికి వధూవరులు ఇదే కట్టుకుంటారు. ఆవిడ ఎర్రంచు మీద బొటనవేలు రాసింది, పసుపు మూల వాసన చూసింది. నేత దగ్గరగా ఉందో లేదో వెలుతురులో పెట్టి చూసింది. మళ్లీ మడిచి, ఎర్రంచు మాత్రమే బయటికి కనిపించేలా మడత మార్చి, బీరువాలో పెట్టింది.

ఆ తర్వాత

పెళ్లయ్యాక కొత్త జంట అమ్మాయి పుట్టింటికి కలిసి రావాలి. మన మనుగుడుపుల్లాంటిదే. మేం ఇంటికి చేరిన మర్నాడు అక్కడి నుంచి వీడియో కాల్ వచ్చింది. వెనక కొబ్బరాకు ద్వారం గోధుమరంగుకి తిరిగిపోయింది, చిలకలు ముడుచుకుపోయాయి. ముందు నా స్నేహితురాలు, టీషర్టు మీద చీరని శాలువాలా చుట్టుకుని. పక్కన పెళ్లికొడుకు జీన్స్ మీద పంచె కట్టుకున్నాడు, టవలు చుట్టుకున్నట్టు, ఎర్రంచు తిరగేసి. న్గ్వాయ్ కుర్చీలో కూర్చుని నములుతోంది.

అమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"అలా కాదు నాయనా, ముందు ఆ ప్యాంటు విప్పమనవే! కుచ్చిళ్లు ఎడమవైపు కాదు. ఒరే, నీకే చెప్తున్నా, ఫోన్ కిందకి దించు, కుచ్చిళ్లు కనబడాలి."